ఎక్కువ కోడ్ రాసినవాడే నాయకుడా?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఎన్నికలెందుకు, ఎక్కువ కోడ్ రాసినవాడే నాయకుడు అన్న మాట సాఫ్ట్‌వేర్ రంగంలో ఎప్పటినుంచో చెలామణీలో ఉంది. హైదరాబాద్ మీటప్పుల్లో కాఫీ తాగుతూ అంటారు, అంతర్జాతీయ సదస్సుల వేదికల మీదా అంటారు. ఏ ప్రాజెక్టు స్థాపకుడైనా అలసిపోయి తప్పుకుంటానన్నప్పుడల్లా ఇదే మాట మళ్లీ బయటికొస్తుంది. ఇది తప్పుడు మాట. పైగా ప్రమాదకరమైన మాట.

ఖండించే ముందు ఆ వాదాన్ని దాని బలంతో సహా చెప్పడం న్యాయం. సాఫ్ట్‌వేర్ ఓట్లతో నడవదని వాళ్లంటారు. ఒక డిజైన్ మంచిదా చెడ్డదా అన్నది తలలు లెక్కపెడితే తేలదు. పదిమంది సర్దుబాట్లతో తయారైన భాష కంటే ఒక్క మనిషి అభిరుచితో రూపుదిద్దుకున్న భాషే పొందికగా ఉంటుంది. పైథాన్‌ను గైడో వాన్ రోసమ్ పాతికేళ్లకు పైగా అలాగే నడిపారు. లినక్స్ కెర్నల్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 1991 నుంచీ నడుపుతున్నారు. ఆ రెండిటి మీదా ప్రపంచం ఆధారపడి ఉంది. ఎన్నికలు పెడితే వర్గాలు పుడతాయి, మాటకారులు గెలుస్తారు, పనిమంతులు విసిగిపోతారు. కాబట్టి పనితనమే అర్హత కావాలి, స్థాపకుడు వెళ్తూ వెళ్తూ నమ్మకస్తుణ్ణి చూపించిపోతే చాలు. ఎవరికైనా నచ్చకపోతే లైసెన్సు ఎలాగూ ఉంది, కోడ్ తీసుకుని ఫోర్క్ చేసుకోవచ్చు. ఇదీ వాదన.

డిజైన్‌కు పొందిక అవసరమన్నది నిజం. ఓటుతో బగ్ పోదన్నదీ నిజమే. ఆ రెండు నిజాల నుంచి వాళ్లు లాగుతున్న ముగింపు మాత్రం నిలబడదు. ఎందుకు నిలబడదో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. నాయకత్వం పని కమిట్లలో కనిపించదు

నాయకుడు చేసే పనేమిటి? ఇద్దరు సమర్థులు ఒకే సమస్యకు రెండు దారులు తెచ్చి వారాల తరబడి వాదించుకుంటుంటే ఒకరికి కాదని చెప్పాలి, చెప్పాక కూడా ఆ వ్యక్తి ప్రాజెక్టులో మిగిలేలా చూసుకోవాలి. రిలీజ్ ఎప్పుడో తేల్చాలి. ఎవరికి కమిట్ హక్కు ఇవ్వాలి, ఎవరి దగ్గర వెనక్కి తీసుకోవాలి అన్నది నిర్ణయించాలి. భద్రతా లోపం గురించి రహస్యంగా వచ్చిన సమాచారాన్ని పరిష్కారం దొరికేదాకా గుప్పిట్లో పెట్టుకోవాలి. విరాళాల లెక్క చూడాలి, ట్రేడ్‌మార్కు కాపాడాలి. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి కసిరిన సీనియర్‌ను పక్కకు పిలిచి మందలించాలి. ఇందులో ఏ ఒక్కటీ కమిట్ల లెక్కలోకి రాదు. అద్భుతంగా పాడే గాయకుడికి సంగీత సభ కార్యదర్శి పదవి అప్పజెప్పి, సభ ఎందుకు మూతబడిందని తర్వాత ఆశ్చర్యపోతే ఎలా?

పైథాన్ ఉదంతాన్ని దగ్గరగా చూడండి. 2018లో పీఈపీ 572 అనే ప్రతిపాదన మీద గొడవ రేగింది. విషయం చిన్నదే: కోలన్, దాని పక్కనే ఈక్వల్ గుర్తు. లెక్క కట్టిన విలువను ఆ వ్యక్తీకరణ మధ్యలోనే ఒక పేరుకు కట్టబెట్టే సౌకర్యం. ఆ రెండు గుర్తులు పడుకోబెట్టిన వాల్రస్ మొహంలా ఉంటాయని దానికి వాల్రస్ ఆపరేటర్ అనే పేరొచ్చింది. రెండు గుర్తుల మీద నెలల తరబడి వాదం నడిచింది. గైడో ఆ ప్రతిపాదనను ఆమోదించారు. ఆమోదించాక, 2018 జూలై 12న, ఇక ఈ బాధ్యత తన వల్ల కాదని తప్పుకున్నారు. ఆయనకు కోడ్ రాయడం రాక కాదు, భాష తెలియక అంతకన్నా కాదు. ఆ భాష పుట్టింది ఆయన చేతుల్లోనే. ప్రతి నిర్ణయం బరువూ ఒక్క భుజం మీద పడే ఏర్పాటే ఆయన్ను అరగదీసింది. అత్యంత సమర్థుణ్ణి కూడా ఆ ఏర్పాటు మిగల్చలేదంటే, లోపాన్ని ఏర్పాటులోనే వెతకాలి.

ఆ తర్వాత జరిగింది ఈ చర్చలో ఎవరూ ఎత్తరు. గైడో వారసుణ్ణి ప్రకటించలేదు. ఎలా నడుచుకోవాలో మీరే తేల్చుకోండని కోర్ డెవలపర్లకు వదిలేశారు. వాళ్ల ముందుకు ఏడు పరిపాలనా ప్రతిపాదనలు వచ్చాయి. ఒకే సాంకేతిక నాయకుడి పద్ధతిని కొనసాగిద్దామన్నది కూడా అందులో ఒకటి. 2018 డిసెంబరులో ఓటు వేసి వాళ్లు ఎంచుకున్నది ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్‌ను. ఓటు వేసింది బయటివాళ్లు కాదు, పైథాన్ కోడ్‌ను ఏళ్లుగా మోసిన మనుషులు. కోడ్ రాసినవాళ్ల మాటే చెల్లాలని పట్టుబట్టేవాళ్లు, ఆ కోడ్ రాసినవాళ్లే ఏకనాయకత్వాన్ని తోసిపుచ్చారన్న సంగతికి ముందు జవాబు చెప్పాలి.

2. "దానంతట అదే తేలుతుంది" అన్నది ఉత్త మాట

ఎన్నిక లేకపోయినా నాయకుడెవరో దానంతట అదే తేలుతుందని కూడా అంటారు. ఏ పదవీ అలా తేలదు. రిపాజిటరీ తాళాలు ఎవరో ఒకరి దగ్గరుంటాయి. రిలీజ్ మీద సంతకం చేసే కీ ఎవరో ఒకరి కంప్యూటర్‌లో ఉంటుంది. డొమైన్ పేరుకు ఏటా డబ్బు కట్టేది ఎవరో ఒకరు. వీటిని ఒకరు ఇంకొకరికి అందించిన క్షణమే నాయకత్వ మార్పు జరిగిపోయినట్టు. ఎన్నిక వద్దన్నంత మాత్రాన ఎంపిక ఆగదు. అది నలుగురికీ కనిపించకుండా, నియమం లేకుండా, అలసిపోయిన ఒక మనిషి ఇన్‌బాక్స్‌లో జరుగుతుంది.

అలా జరిగితే ఏమవుతుందో ఎక్స్‌జెడ్ చూపించింది. ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ అది. దాదాపు ప్రతి లినక్స్ సర్వర్‌లో ఉంటుంది, దాని పేరు మాత్రం ఎవరికీ పట్టదు. ఏళ్లుగా దాదాపు ఒక్కరే ఖాళీ వేళల్లో, జీతం లేకుండా చూసుకుంటూ వచ్చారు. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఒకరు ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. అన్నీ మంచి ప్యాచ్‌లే. 2022లో అంతకుముందు ఎవరూ ఎరగని పేర్లు కొన్ని ప్రత్యక్షమయ్యాయి: పనులు నత్తనడక నడుస్తున్నాయి, కొత్త మెయింటెయినర్‌ను ఎందుకు పెట్టుకోరు అంటూ ఒత్తిడి. అలసిపోయిన మనిషి క్రమంగా జియా టాన్‌కు తాళాలు అందించారు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 రిలీజుల్లో దొడ్డిదారి దాగి ఉంది. సర్వర్‌లోకి దూరంనుంచి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారాన్నే తెరిచిపెట్టే దొడ్డిదారి. ఆండ్రెస్ ఫ్రూండ్ అనే ఇంజనీరు తన పరీక్షల్లో లాగిన్‌కు దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానపడి తవ్వబట్టి, 2024 మార్చి 29న విషయం ప్రపంచానికి తెలిసింది. ఆ అర సెకనును ఆయన పట్టించుకోకపోయి ఉంటే ఆ కోడ్ పెద్ద లినక్స్ పంపిణీల స్థిర విడుదలల్లోకి వెళ్లి, లెక్కలేనన్ని సర్వర్లలో కూర్చునేది.

"పనిచేసినవాడిదే పెత్తనం" అన్న సూత్రాన్ని జియా టాన్ ఎక్కడా ఉల్లంఘించలేదన్నది ఇక్కడ గమనించాలి. తు.చ. తప్పకుండా పాటించారు. రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి, పని ద్వారానే నమ్మకం సంపాదించి, ఆ నమ్మకంతోనే తాళాలు అందుకున్నారు. కమిట్ల లెక్క తప్ప ఇంకే పరీక్షా లేని చోట దుర్మార్గుడు చేయాల్సింది కమిట్లు పెంచుకోవడమే. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీలోనూ ఇలాగే జరిగింది. ఆసక్తి తగ్గిన పాత రచయిత, నేను చూసుకుంటానని ముందుకొచ్చిన ఒక అపరిచితుడికి దాన్ని అప్పగించారు. ఆ కొత్త చేతుల మీదుగా బిట్‌కాయిన్ వాలెట్లను దోచే కోడ్ అందులోకి చేరింది. ఆ పాత రచయితను తిట్టిపోసినవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎవరూ పైసా ఇవ్వలేదు, ఎవరూ పని పంచుకోలేదు, ఎలా అప్పగించాలో చెప్పే పద్ధతి ఒక్కటీ ఆయన చేతిలో లేదు.

ఒక్కరే నడిపే ప్రాజెక్టులో ఎన్నికేమిటని అడగొచ్చు. సరైన ప్రశ్నే. ఒక్కరున్న చోట బ్యాలెట్ పెట్టమని నేను అనడం లేదు. అక్కడ కావలసింది రెండో మనిషి సంతకం లేకుండా రిలీజ్ వెళ్లకూడదన్న నియమం, అప్పగింతను బహిరంగంగా ప్రకటించి కొంతకాలం ఆగే ఏర్పాటు, నీడనిచ్చే పెద్ద సంస్థ ఏదైనా. ఇవన్నీ ముందుగా రాసిపెట్టుకోవలసిన పద్ధతులే. "దానంతట అదే తేలుతుంది" అన్నవాళ్లు వద్దంటున్నది సరిగ్గా వీటినే.

3. ఎవరి పనితనం, ఎవరి తీరిక?

కమిట్లను లెక్కపెట్టడం నిష్పాక్షికంగా కనిపిస్తుంది, అంకెలకు మొహమాటం ఉండదు కాబట్టి. కానీ ఆ అంకెలు కొలిచేది ప్రతిభనొక్కదాన్నే కాదు, తీరికను కూడా. లినక్స్ కెర్నల్‌లోకి వచ్చే మార్పుల్లో అత్యధిక భాగం ఏదో ఒక కంపెనీ జీతం మీద పనిచేసేవాళ్లు రాస్తున్నవే. అందులో తప్పులేదు, వాళ్ల పని వల్లే అందరం బాగుపడ్డాం. అయితే రోజంతా ఆ ప్రాజెక్టు మీదే పనిచేయడానికి జీతం పుచ్చుకునే మనిషిని, గచ్చిబౌలి ఆఫీసులో పూటంతా క్లయింటు పని చేసి, ఇంటికొచ్చి పిల్లల్ని పడుకోబెట్టాక ల్యాప్‌టాప్ తెరిచే మనిషిని ఒకే కొలబద్దతో కొలిచి, మొదటివాళ్లే గెలిచారు కాబట్టి వాళ్లే పాలించాలనడం ఏ న్యాయం? దాని ఫలితం ఒక్కటే. ఏ కంపెనీ ఎక్కువమందికి జీతమిస్తే ఆ కంపెనీ చేతిలోకి ప్రాజెక్టు వెళ్తుంది. అప్పుడు వ్యక్తి ప్రతిభను గౌరవించాలనే సూత్రం కంపెనీ ఆధిపత్యానికి తలుపు తీసినట్టవుతుంది.

రాసుకున్న నియమాలున్న చోట దీనికి అడ్డుకట్ట ఉంది. పైథాన్ కౌన్సిల్‌లో ఐదు సీట్లుంటే, ఒకే యజమాని దగ్గర పనిచేసేవాళ్లు ఇద్దరికి మించకూడదు. గ్నోమ్ ఫౌండేషన్ బోర్డులోనూ ఒకే సంస్థకు చెందినవాళ్లకు పరిమితి ఉంది. ఈ పరిమితులు కమిట్లను లెక్కపెడుతూ కూర్చుంటే పుట్టేవి కావు. మనుషులు కూర్చుని, ఆలోచించి, రాసుకుంటేనే పుడతాయి.

కోడ్ రాయనివాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. లిబ్రెఆఫీస్ తెరిస్తే మెనూలు తెలుగులో కనిపిస్తాయి. ఆ మాటల్ని ఒక్కొక్కటిగా తెలుగు చేసిన స్వచ్ఛంద కార్యకర్తలు సీ ప్లస్ ప్లస్‌లో ఒక్క వరుస రాసి ఉండకపోవచ్చు. డాక్యుమెంటేషన్ రాసేవాళ్లు, బగ్ రిపోర్టులను వేరుచేసి సరిచూసేవాళ్లు, కొత్తవారి ప్రశ్నలకు ఓపిగ్గా జవాబిచ్చేవాళ్లు కోడ్ కొలబద్ద ముందు లేనట్టే లెక్క. డెబియన్ ప్రాజెక్టు 2010లో దీన్ని ఓటు ద్వారానే సరిదిద్దుకుంది. ప్యాకేజీలు తయారుచేయని అనువాదకులను, రచయితలను, చిత్రకారులను కూడా ఓటుహక్కు ఉన్న పూర్తి సభ్యులుగా ఆహ్వానించాలని తీర్మానించింది. మన తెలుగు వికీపీడియా సాఫ్ట్‌వేర్ కాకపోయినా అదే కోవకు చెందిన సమష్టి పని. అక్కడ నిర్వాహకులను రచయితలే బహిరంగంగా చర్చించి, మద్దతులు, వ్యతిరేకతలు తెలిపి ఎన్నుకుంటారు. దానివల్ల విజ్ఞానసర్వస్వం రాజకీయ వేదిక అయిపోలేదు.

4. ఎన్నికలు ప్రాజెక్టును పాడుచేస్తాయా?

ఈ ఆరోపణను తేల్చడానికి ఊహలు అక్కర్లేదు, పాతికేళ్లకు పైబడ్డ అనుభవం కళ్లముందుంది. డెబియన్‌ను ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో మొదలుపెట్టారు. 1998 డిసెంబరులో ఆ ప్రాజెక్టు ఒక రాజ్యాంగం రాసుకుంది. అప్పటినుంచీ నాయకుణ్ణి ఏటా ఎన్నుకుంటున్నారు. ఒక వారం నామినేషన్లు, మూడు వారాలు ప్రచారం, రెండు వారాలు ఓటింగ్. ప్రచారమంటే పోస్టర్లు, ఊరేగింపులు కావు. అభ్యర్థి తానేం చేయదలిచారో రాసి పెట్టాలి, సభ్యులు బహిరంగంగా అడిగే ప్రశ్నలకు బహిరంగంగానే జవాబివ్వాలి.

ఆ బ్యాలెట్ పత్రం చూడదగ్గది. ఈమెయిల్‌లో వస్తుంది. ఒక్కో పేరు ముందు ఖాళీ చదరపు బ్రాకెట్లు, వాటిలో తమ ఇష్టాన్ని బట్టి 1, 2, 3 అని వరుస వేయాలి. అన్ని పేర్ల కింద ఆఖరి వరుసలో "పైవారెవరూ కాదు" అన్న ఎంపిక ఉంటుంది. అది నామమాత్రం కాదు, అదే గెలిస్తే ఎన్నిక మళ్లీ పెట్టాలి. నింపిన పత్రం మీద ఓటరు తన డిజిటల్ కీతో సంతకం చేసి పంపుతారు. లెక్కింపు అయ్యాక ఎవరు ఎవరికి వేశారో బయటపడకుండానే, తన ఓటు సరిగ్గా లెక్కలోకి వచ్చిందో లేదో ఎవరికివారు సరిచూసుకునేలా జాబితా ప్రచురిస్తారు. ఇద్దరిద్దరి చొప్పున పోల్చి లెక్కించే ఈ పద్ధతిలో, ఓ గుంపుకు మాత్రమే నచ్చిన మాటకారి కంటే ఎక్కువమందికి సమ్మతమైన మనిషి గెలిచే అవకాశమే ఎక్కువ. "మాటకారులు గెలుస్తారు" అన్నవాళ్లు ఓటంటే చేతులెత్తడం ఒక్కటే అనుకుంటున్నారు.

మరి పని కుంటుపడిందా? 2005 నుంచి చూడండి: 2007, 2009, 2011, 2013 అలా 2025 దాకా ప్రతి బేసి సంవత్సరంలోనూ డెబియన్ స్థిర విడుదల వచ్చింది. ఉబుంటు నిలబడింది డెబియన్ పునాది మీదే. ఈ మధ్యలో నాయకులు ఎంతమందో మారారు, రిలీజులు ఆగలేదు. గొడవలు రాలేదా అంటే వచ్చాయి. 2006లో పదవిలో ఉన్న నాయకుణ్ణి తొలగించాలని తీర్మానం పెట్టారు. ఓటు వేశారు, తీర్మానం ఓడిపోయింది, నాయకుడు కొనసాగారు. 2014లో సిస్టమ్‌డీ అనే బూట్ వ్యవస్థను స్వీకరించాలా అన్న వ్యవహారం మీద సాంకేతిక కమిటీ నాలుగుకు నాలుగుగా చీలితే అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో తేలింది. అది తేలిగ్గా జీర్ణమైన నిర్ణయం కాదు. కొందరు రాజీనామా చేశారు, డెవువాన్ అనే ఫోర్క్ కూడా పుట్టింది. అయినా ఏ నిబంధన కింద, ఎవరి ఓటుతో ఆ నిర్ణయం వచ్చిందో ఈరోజుకీ ఎవరైనా చదువుకోవచ్చు. ఓడినవాళ్లకు కూడా దక్కే గౌరవం అది.

ఎన్నిక వస్తే ధైర్యమైన సాంకేతిక నిర్ణయాలు ఆగిపోతాయన్న భయాన్ని పైథాన్ తీర్చింది. 2019 తర్వాతే ఏటా ఒక రిలీజ్ అన్న క్రమం స్థిరపడింది. ఏళ్ల తరబడి అందరూ తలపట్టుకున్న గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్‌ను ఐచ్ఛికం చేసే ప్రతిపాదనను 2023లో ఆమోదించింది ఎన్నికైన కౌన్సిలే. 2021 ఫిబ్రవరిలో పాటర్న్ మ్యాచింగ్ ప్రతిపాదన విషయంలో జరిగింది నాకు మరీ విలువైనదిగా కనిపిస్తుంది. దాన్ని రాసినవారిలో గైడో ఒకరు. అప్పటికి ఆయన కౌన్సిల్‌లో లేరు. భాషను సృష్టించిన మనిషి తన ప్రతిపాదనను కోర్ డెవలపర్లు ఎన్నుకున్న కౌన్సిల్ ముందు పెట్టి, తీర్పు కోసం ఎదురుచూశారు. కౌన్సిల్ తిరిగి రాసిన రూపాన్ని ఆమోదించింది. డిజైన్ పొందికకు భంగం కలగలేదు, స్థాపకుడికి అవమానమూ జరగలేదు.

ఎన్నికైన కౌన్సిల్ తప్పు చేయదని నేననడం లేదు. 2024లో పైథాన్ కౌన్సిల్ ఒక సీనియర్ కోర్ డెవలపర్‌ను మూడు నెలలు సస్పెండ్ చేసినప్పుడు తీవ్రమైన విమర్శలు వచ్చాయి, చాలావాటిలో పస ఉంది. అయితే ఆ నిర్ణయం తీసుకున్న ఐదుగురి పేర్లు అందరికీ తెలుసు. మూడింట రెండొంతుల మంది అవిశ్వాసం ప్రకటిస్తే వాళ్లను దింపే నియమం ఉంది. అప్పటికి కొద్ది నెలల్లోనే ఎన్నిక ఉంది. జీవితకాల అధిపతి తప్పు చేస్తే విమర్శకుల చేతిలో ఉండేది నోరొక్కటే.

5. వారసుణ్ణి చూపించిపోతే చాలదు

స్థాపకుడు పేరు చెప్పిపోతే కొత్త నాయకుడికి దక్కేది ఆయన ఆశీర్వాదం, అంతే. పనిచేసే మిగతావాళ్ల సమ్మతి దక్కదు. మొదటి కఠిన నిర్ణయం రోజున, నిన్నెవరు పెట్టారు అన్న ప్రశ్నకు ఆ మనిషి దగ్గర జవాబుండదు. రస్ట్ భాష ప్రాజెక్టులో 2021 నవంబరులో మోడరేషన్ బృందం మొత్తం ఒకేసారి రాజీనామా చేసింది. కోర్ టీమ్ తనకు తప్ప ఎవరికీ జవాబుదారీ కాదన్నదే వాళ్ల ఆరోపణ. ఆ కోర్ టీమ్‌లో ఉన్నవాళ్లు ప్రతిభావంతులే. ప్రతిభ ఉన్నంత మాత్రాన జవాబుదారీతనం పుట్టుకురాలేదు. చివరికి 2023లో బృందాల ప్రతినిధులతో లీడర్‌షిప్ కౌన్సిల్‌ను ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది.

వారసుడి సంగతి అటుంచి, స్థాపకుడు కదలకుండా ఉంటే ఏమిటి? వర్డ్‌ప్రెస్ మీద ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నలభై శాతానికి పైగా నడుస్తున్నాయి. 2024 సెప్టెంబరులో దాని సహస్థాపకుడు మాట్ ములెన్‌వెగ్‌కూ డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీకీ గొడవ వచ్చింది. ఎవరి పక్షాన ఎంత న్యాయముందో తేల్చడం కోర్టు పని. కానీ ఆ కంపెనీకి వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ వనరులు ఒక్కసారిగా ఆగిపోయాయి, దాని ఖాతాదారుల సైట్లు అప్‌డేట్లకు నోచుకోలేదు. ఆ నిర్ణయాన్ని ప్రశ్నించడానికి వేలాది కాంట్రిబ్యూటర్ల చేతిలో ఒక్క ఓటు గానీ, ఒక్క అప్పీలు గానీ లేదు. డిసెంబరులో కాలిఫోర్నియా న్యాయమూర్తి తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చాకే ఆ దారి తెరుచుకుంది. ప్రాజెక్టు లోపల తేలాల్సిన విషయాన్ని కోర్టు తేల్చాల్సి వచ్చింది. రాసుకున్న నియమావళి లేకపోవడానికి చెల్లించే ధర అదే.

లినక్స్ సంగతేమిటని అడుగుతారు. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ కొన్ని వారాలు పక్కకు తప్పుకుంటే గ్రెగ్ క్రోహార్ట్‌మన్ 4.19 కెర్నల్‌ను విడుదల చేశారు, అంతా సజావుగా సాగింది. సంతోషం. అయితే దశాబ్దాలుగా కలిసి పనిచేసిన వందలాది మెయింటెయినర్లు, వాళ్ల వెనక జీతాలిచ్చే పెద్ద కంపెనీలు ఉన్న ప్రాజెక్టు అది. ప్రపంచంలో అలాంటిది ఇంకొకటి చూపించడమే కష్టం. ఆ ఒక్కదాన్ని చూసి నియమాలు అక్కర్లేదనడం, స్థాపకుడు వెళ్లగానే చచ్చిపోయిన ప్రాజెక్టుల్ని లెక్కలోంచి తీసేయడమే. చచ్చిపోయినవాటి పేర్లు సదస్సుల్లో ఎవరూ ఎత్తరు కాబట్టే ఈ వాదం బతికుంది.

6. "నచ్చకపోతే ఫోర్క్ చేసుకో"

ఫోర్క్ హక్కు పవిత్రమైనదే. కానీ అది విడాకుల హక్కు. విడాకులున్నాయి కదా, సంసారంలో న్యాయం ఎందుకు అని ఎవరైనా అడుగుతారా?

ఫోర్క్ చేస్తే వెంట వచ్చేది కోడ్ ఒక్కటే. పేరు రాదు, డొమైన్ రాదు, రిలీజ్ కీ రాదు, జనం నమ్మకమూ రాదు. ఒరాకిల్ సన్ కంపెనీని కొన్నాక, 2010 సెప్టెంబరులో ఓపెన్‌ఆఫీస్ డెవలపర్లు విడిపోయి లిబ్రెఆఫీస్ మొదలుపెట్టారు. పనిచేసే చేతులు చాలావరకు ఇటే వచ్చాయి. ఓపెన్‌ఆఫీస్ అన్న పేరు మాత్రం అక్కడే ఉండిపోయి అపాచీ ఫౌండేషన్‌కు చేరింది. 2014లో 4.1 వచ్చాక ఇప్పటిదాకా దానికి 4.1 వరుసలో చిన్నచిన్న సవరణలే తప్ప పెద్ద రిలీజ్ లేదు. భద్రతా లోపాలు సరిదిద్దే చేతులు చాలక, మూసేద్దామా అని 2016లో వాళ్లే చర్చించుకున్నారు. అయినా ఆ పేరు విన్న మామూలు జనం ఆ పాత సాఫ్ట్‌వేర్‌నే దించుకుంటూ వచ్చారు. నాయకత్వం ఎవరిదో న్యాయంగా తేల్చే మార్గం లోపలే ఉండి ఉంటే ఆ నష్టం ఎవరికీ కలిగేది కాదు. నోడ్ జేఎస్ మీద అసంతృప్తితో 2014 డిసెంబరులో ఐవో జేఎస్ ఫోర్క్ పుట్టింది, మరుసటి ఏడాదే రెండూ మళ్లీ కలిశాయి. కలిపింది ఏమిటి? ఫౌండేషన్, సాంకేతిక కమిటీ, రాసుకున్న పాలనా నియమాలు. ఫోర్క్ విజయగాథగా చెప్పుకునే ఆ కథ కూడా చివరికి నేను అడుగుతున్న చోటికే చేరింది.

7. ఇప్పుడే ఎందుకు అంటే

చివరికి మిగిలే వాదన ఒక్కటే: ఇప్పుడంతా బాగానే ఉంది, సమస్య వచ్చినప్పుడు చూసుకుందాం. అన్ని వాదనల్లోకీ ఎక్కువ చేటు చేసేది ఇదే. సమస్య వచ్చాక రాసే ప్రతి నియమమూ ఎవరో ఒకరికి వ్యతిరేకంగా రాసినట్టే కనిపిస్తుంది. ఎవరి మీదా కోపం లేనప్పుడు, ఎవరూ పదవి కోరనప్పుడు రాస్తేనే అది అందరిదీ అవుతుంది.

రాయాల్సింది గ్రంథమేమీ కాదు. ఎవరు సభ్యులు, అందులో కోడ్ రాయనివాళ్లు ఎలా చేరతారు. నాయకత్వం ఎంతకాలం, ఎవరి ఓటుతో. గడువుకు ముందే దింపాలంటే ఎంతమంది కావాలి. ఒక కంపెనీ మనుషులు ఎందరికి మించకూడదు. తాళాలు, కీలు, డొమైన్, బ్యాంకు ఖాతా ఎవరెవరి దగ్గర ఉండాలి, కనీసం ఇద్దరి దగ్గర ఎందుకు ఉండాలి. నాయకుడు హఠాత్తుగా లేకుండా పోతే ఆ మధ్యకాలంలో ఎవరి మాట చెల్లుతుంది. ఒక పేజీకి సరిపోతుంది. తెలుగు ఫాంట్ తయారుచేసే నలుగురి బృందమైనా, బెజవాడ ఇంజనీరింగ్ కాలేజీలో పుట్టిన చిన్న లైబ్రరీ అయినా, ఇద్దరు ముగ్గురు చేరగానే ఈ పేజీ రిపాజిటరీలోకి ఎక్కాలి, లైసెన్సు ఫైలు ఎక్కినట్టే.

2019లో డెబియన్ నాయకుడి ఎన్నికకు నామినేషన్ల వారం ముగిసేసరికి ఒక్కరూ ముందుకు రాలేదు. ప్రజాస్వామ్యం విఫలమైందని చాలామంది తేల్చేశారు. నిజానికి అలాంటి రోజు కోసం ముందే రాసిపెట్టిన నిబంధనలున్నాయి. ఎవరూ రాకపోతే గడువు ఇంకో వారం పొడిగించాలి. ఆలోగా పదవి ఖాళీ అయితే సాంకేతిక కమిటీ అధ్యక్షుడు, ప్రాజెక్టు కార్యదర్శి కలిసి వ్యవహారాలు చూడాలి. గడువు పొడిగించారు. ఆ వారంలో అభ్యర్థులు వచ్చారు, బ్యాలెట్ మీద నలుగురు నిలిచారు, శామ్ హార్ట్‌మన్ గెలిచారు. ఆ ఏడాది జూలైలో కొత్త స్థిర విడుదల వెలువడింది.